బ్రిటన్‌లో 25 వేల పౌండ్లకే ఇల్లు: కొనొచ్చా, వద్దా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లండన్ పక్కన స్లౌలో అద్దెకు ఉంటున్నారు, ఇద్దరూ ఉద్యోగస్తులే, చేతిలో 40 వేల పౌండ్ల దాకా ఉన్నాయి, స్లౌలో సొంతిల్లు అంటే ఇంకా రెండు మూడేళ్లు పట్టేలా ఉంది. ఈలోగా ఈశాన్య ఇంగ్లండ్‌లోని డర్హమ్ కౌంటీలో రెండు బెడ్రూముల టెరస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసిన వరుస ఇల్లు) 25 వేల గైడ్ ప్రైస్‌తో, అంటే వేలానికి ముందు ప్రకటించే ధరతో, వేలానికి వచ్చింది. నెలకు 450 అద్దె వస్తుందని కేటలాగ్‌లో రాశారు. మన డబ్బుల్లో దాదాపు 30 లక్షలే కదా, చూడకుండానే పాడేయొచ్చా అన్నారు. చివర్లో ఒక్క పౌండు ఇళ్ల సంగతి కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, వద్దు. చౌక ఇళ్లన్నీ చెడ్డవని కాదు. నేను 2009 నుంచి డర్హమ్ పక్కనే టీస్‌సైడ్‌లో ఉంటున్నా, ఇలాంటివి నాలుగు కొన్నా, మూడు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, వాటి మీద నాకు ఫిర్యాదేం లేదు. కానీ ఐదు గంటల డ్రైవ్ దూరంలో ఉంటూ, ఇల్లు చూడకుండా, అదీ మీ జీవితంలో మొట్టమొదటి ఇంటిగా ఇది కొనడం మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెబుతా, కాస్త పెద్దదవుతుంది.

ముందు అది అంత చౌక ఎందుకైందో చూడండి. డర్హమ్ తీరం పొడవునా ఉన్నవి బొగ్గు గని ఊళ్లు. హోర్డెన్‌లో గని 1987లో మూతపడింది, ఈజింగ్టన్‌లో 1993లో. ఆ టెరస్ వీధులన్నీ గని కార్మికుల కోసమే కట్టినవి. హోర్డెన్‌లోనైతే కొన్ని వీధులకు పేర్లు కూడా పెట్టలేదు, ఫస్ట్ స్ట్రీట్, సెకండ్ స్ట్రీట్ అంటూ అంకెలే. పని పోయింది, పిల్లలు వెళ్లిపోయారు, ఇళ్లు మిగిలాయి. బెల్లంపల్లి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2020లో హోర్డెన్‌కు కొత్త రైల్వే స్టేషన్ వచ్చింది, ఇక రేట్లు లేస్తాయని అప్పట్లో చాలామంది ఎగబడి కొన్నారు. స్టేషన్ మంచిదే, సముద్రం పక్కనే ఊరు, చూడ్డానికి నిజంగా బాగుంటుంది. కానీ రైలు వచ్చినంత మాత్రాన వీధిలో చెక్కలు కొట్టిన కిటికీలు తెరుచుకోవు కదా.

ఆ 25 వేలను మీరు ఇంటి ధర అనుకుంటున్నారు. అది ఇంటి ధర కాదు, వీధి ధర. అదే ఇటుక, అదే నమూనా, అదే 1900ల నాటి ఇల్లు రెండు మైళ్ల అవతల 80 వేలకు పోతుంది. ఒకే ఊళ్లో ఈ వీధిలో 30 వేలు, వెనక వీధిలో 65 వేలు ఉండటం నేను మామూలుగా చూస్తుంటా. ఇంటిని మీరు బాగు చేసుకోగలరు, వీధిని చేసుకోలేరు.

ఇక్కడే లెక్క తప్పేది. రూఫ్ వేసేవాడి కూలీ మీ ఇల్లు 25 వేలది అని తగ్గదు. బాయిలర్ రేటు స్లౌలో ఎంతో ఇక్కడా దాదాపు అంతే. మా వైపు నేను ఈమధ్య పెట్టిన ఖర్చులు చెబుతా: బాయిలర్ మార్చితే 2,500 పైనే, వైరింగ్ మొత్తం మార్చితే 4 నుంచి 5 వేలు, టెరస్ ఇంటికి పైకప్పు కొత్తగా వేస్తే 7 వేలు, కింద గదుల్లో డ్యాంప్ (గోడ చెమ్మ) పని, ప్లాస్టరింగ్ కలిపి ఇంకో 4 వేలు. కిచెన్, బాత్రూమ్ ఇంకా అనలేదు. 25 వేల ఇంటికి ఇంకో పాతిక వేలు తేలిగ్గా లాగేస్తుంది. అన్నీ చేశాక, ఆ వీధిలో అద్దంలా మెరిసే ఇల్లు కూడా 45 వేలకు మించి పోకపోతే? అవును, 50 పెట్టి 45 విలువ చేసే ఇల్లు కట్టుకున్నట్టు. అందుకే ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ వీధిలో గత ఐదారేళ్లలో అమ్ముడైన ధరలు చూడండి, ఉచితమే. అడుగుతున్న ధరలు చూసి మోసపోవద్దు.

డ్యాంప్ గురించి ఒక మాట. ఈ ఇళ్లకు గోడ మధ్యలో ఖాళీ ఉండదు, గట్టి ఇటుక గోడ, సున్నంతో కట్టినవి. తర్వాత ఎవరో సిమెంటు పూస్తారు, తడి బయటకు పోయే దారి లేక లోపలికి వస్తుంది. దాని మీద కొత్త పెయింట్ వేసి ఫొటో తీస్తారు. ఫొటోలో కింద నుంచి మీటరు ఎత్తు వరకు గోడ రంగు తాజాగా కనిపిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

ఇప్పుడు నా సొంత గొడవ చెబుతా. 2012లో ఆ తీరంలోనే ఒక ఊళ్లో వేలంలో 31 వేలకు పాడా. సుత్తి పడగానే 10 శాతం కట్టా, 28 రోజుల్లో మిగతాది కట్టి తాళాలు తీసుకోవాలి. తాళాలు వచ్చాక ఇన్సూరెన్స్ చేద్దాంలే అనుకున్నా. ఆ మధ్యలో ఎవరో వెనక సందులోంచి వచ్చి తలుపు పగలగొట్టి బాయిలర్, రాగి పైపులు మొత్తం పీక్కుపోయారు. నీళ్లు మెయిన్ దగ్గర కట్టేసి లేవు. మూడు రోజులు పారాయి. పై గది నుంచి కారి కింద సీలింగ్ మొత్తం కూలింది, చెక్క నేల ఉబ్బిపోయింది. అమ్మినవాళ్లను అడుగుదామంటే మా సొలిసిటర్ (లాయర్) కాగితం చూపించాడు: సుత్తి పడిన క్షణం నుంచి నష్టం కొన్నవాడిదే. వేలం షరతుల్లో అది మామూలుగా ఉండేదే, నేను చదవలేదు, అంతే. 8 వేలు అనుకున్న మరమ్మతు 17,400 అయింది. తర్వాత అద్దెకు ఇచ్చా, కుటుంబం మంచిదే, నాలుగేళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లేసరికి పక్కిల్లు, ఎదురిల్లు ఖాళీ. 2019లో 33 వేలకు అమ్మేశా. ఏడేళ్లలో 2 వేలు పెరిగింది! మా ఆవిడ ఇప్పటికీ ఆ ఊరి బోర్డు కనిపిస్తే నా వైపు చూసి నవ్వుతుంది.

వేలం గురించి మీకు తెలియాల్సినవి ఇంకొన్ని. గైడ్ ప్రైస్ అంటే అమ్మే ధర కాదు, మిమ్మల్ని గదిలోకి రప్పించే ధర. రిజర్వ్, అంటే అమ్మేవాడు ఒప్పుకునే కనీస ధర, దానికంటే 10 శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు, పాట దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. పైన బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాడు వేలం సంస్థకు కట్టేది), అడ్మిన్ ఫీజు, ఒక్కోసారి అమ్మేవాడి లాయర్ ఖర్చు కూడా మీ నెత్తిన వేస్తారు. ఇవన్నీ లీగల్ ప్యాక్‌లో, అంటే ఆ ఇంటి చట్టపరమైన కాగితాల కట్టలో, స్పెషల్ కండిషన్స్ అనే పేజీల్లో ఉంటాయి. పాతిక వేల ఇంటికి ఈ ఫీజులే 3, 4 వేలు అవడం నేను చూశా. మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంత తక్కువ విలువ ఇళ్లకు చాలా బ్యాంకులు అప్పే ఇవ్వవు. అంటే రేపు మీ దగ్గర కొనేవాడు కూడా క్యాష్ బయ్యరే అయి ఉండాలి, అమ్మేటప్పుడు ఆ సంగతి తెలిసొస్తుంది. గని ప్రాంతం కాబట్టి కోల్ మైనింగ్ సెర్చ్ తప్పనిసరిగా చేయించండి, ఇంటి కింద, పక్కన పాత షాఫ్ట్‌లు (గనిలోకి దిగే గోతులు) ఏమున్నాయో అందులో వస్తుంది.

పన్ను సంగతి చాలామంది మనవాళ్లు చూసుకోనిది, మీకు అసలు దెబ్బ ఇక్కడే. 40 వేల లోపు ఇంటికి స్టాంప్ డ్యూటీ లేదు, నిజమే, అందుకే ఊరిస్తుంది. కానీ ఇది కొన్న రోజు నుంచి మీరు ఫస్ట్ టైమ్ బయ్యర్ (మొట్టమొదటి ఇల్లు కొనేవాళ్లు) కారు. రెండేళ్ల తర్వాత స్లౌలో 4 లక్షల పౌండ్ల ఇల్లు కొన్నారనుకోండి. ఇప్పుడున్న రేట్లలో ఫస్ట్ టైమ్ బయ్యర్‌కు దాని మీద డ్యూటీ 5 వేలు. మామూలు కొనుగోలుదారుకు 10 వేలు. ఈ డర్హమ్ ఇల్లు మీ చేతిలోనే ఉండి, దాని విలువ 40 వేలకు చేరి ఉంటే, రెండో ఇంటి సర్‌ఛార్జీ 5 శాతం, అంటే ఇంకో 20 వేలు. మొత్తం 30 వేలు. బాగు చేసి విలువ పెంచినందుకు మీకు దొరికే బహుమతి అది! లైఫ్‌టైమ్ ఐసాలో (ప్రభుత్వం బోనస్ కలిపే పొదుపు ఖాతా) పొదుపు చేస్తుంటే దాన్ని కూడా మొదటి ఇంటికే వాడాలి, ఆ దారీ మూసుకుపోతుంది.

ఇంకో సంగతి, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నా: హైదరాబాద్‌లోనో గుంటూరులోనో మీ పేరున ఫ్లాట్ ఏమైనా ఉందా? ఉంటే అదీ లెక్కే. ఇల్లు ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. భార్య పేరున ఉన్నా సర్‌ఛార్జీ దగ్గర భార్యాభర్తలను ఒకటిగానే చూస్తారు. నాకు తెలిసిన ఒకాయన మియాపూర్ ఫ్లాట్ మాట సొలిసిటర్‌కు చెప్పకుండా దాటేయబోయాడు, "ఇండియాది వీళ్లకెందుకు" అని. చెప్పండి. దాచి తర్వాత పట్టుబడితే వడ్డీ, పెనాల్టీ వేరే. ఇదంతా ఇంగ్లండ్ లెక్క, స్కాట్లండ్‌లో రెండో ఇంటి అదనపు పన్ను 2024 డిసెంబర్ నుంచి 8 శాతం.

అద్దె 450 వస్తుందన్నారు. వస్తుంది, నేను కాదనను. 25 వేలకు ఏడాదికి 5,400 అంటే 21.6 శాతం రాబడి అని కేటలాగ్‌లో పెద్ద అక్షరాలతో వేస్తారు. మరమ్మతులతో కలిపి మీరు పెట్టింది 50 వేలు అనుకుని మళ్లీ లెక్కేయండి, 11 శాతానికి దిగింది. లెటింగ్ ఏజెంట్‌కు 10 నుంచి 12 శాతం, మీరు స్లౌలో ఉంటారు కాబట్టి ఏజెంట్ తప్పదు. గ్యాస్ సర్టిఫికెట్ ఏటా, కరెంటు రిపోర్ట్ ఐదేళ్లకోసారి, ఇన్సూరెన్స్, ఏడాదిలో ఒక నెల ఖాళీ, చిన్నా చితకా రిపేర్లు. డర్హమ్ కౌంటీలో చాలా ప్రాంతాల్లో 2022 నుంచి సెలెక్టివ్ లైసెన్సింగ్ ఉంది, అంటే ఆ పరిధిలో ఇల్లు అద్దెకు ఇవ్వాలంటే కౌన్సిల్ లైసెన్సు తీసుకోవాలి, ఫీజు కట్టాలి. నా పుస్తకాల ప్రకారం ఇలాంటి ఇంట్లో వచ్చిన అద్దెలో సగం చేతికి మిగిలితే అది మంచి సంవత్సరం. దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మీ జీతం శ్లాబులో.

ఈపీసీ (ఇల్లు ఎంత ఇంధనం తింటుందో చెప్పే సర్టిఫికెట్) చూడండి. అద్దెకు ఇవ్వాలంటే కనీసం E గ్రేడ్ ఉండాలి, 2030 నాటికి సి (C) గ్రేడ్‌కు తేవాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. గట్టి ఇటుక గోడల ఇంటిని సికి తేవడం మాటలు కాదు, లోపలి గోడలకు ఇన్సులేషన్ వేస్తే అసలే చిన్న గదులు ఇంకా చిన్నవవుతాయి. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో సెక్షన్ 21 కూడా లేదు, అంటే కారణం చూపకుండా టెనెంట్‌ను ఖాళీ చేయించలేరు. అద్దెకున్నవాడిగా మీకు అది మంచిదే, ఓనర్‌గా మాత్రం మొదటిసారి టెనెంట్‌ను ఎంచుకునేటప్పుడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి.

ఇల్లు ఖాళీగా ఉంటే మూడు వైపుల నుంచి కోస్తుంది. డర్హమ్‌లో అన్నిటికంటే చిన్న 'A' బ్యాండ్ ఇంటికి కూడా కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) ఏడాదికి 1,500 దాటుతుంది. సామాన్లు లేకుండా ఏడాది ఖాళీగా ఉంటే కౌన్సిళ్లు దాన్ని రెట్టింపు చేయొచ్చు, ఐదేళ్లు దాటితే మూడింతలు. ఆ ఖాళీ కాలం ఇంటితో పాటే వస్తుంది, ఓనర్ మారాడని మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టరు. మరమ్మతులు జరుగుతుంటే కొంత మినహాయింపు ఉంది, కౌన్సిల్‌కు ముందే రాసి అడగాలి. ఖాళీ ఇంటికి మామూలు హోమ్ ఇన్సూరెన్స్ నెలా రెండు నెలల తర్వాత పనిచేయదు, ప్రత్యేకంగా తీసుకోవాలి. ఒక్కటి మాత్రం మీకు లాభం: రెండేళ్లకు పైగా ఎవరూ ఉండని ఇంటి రిపేర్లకు బిల్డర్ 20 శాతం బదులు 5 శాతం వ్యాట్ వేస్తే సరిపోతుంది. చాలామంది బిల్డర్లకు ఇది తెలియదు, మీరే అడగాలి, ఖాళీగా ఉన్నట్టు కౌన్సిల్ నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి.

ఒక్క పౌండు ఇళ్ల విషయం. అబద్ధం కాదు, 2013లో స్టోక్-ఆన్-ట్రెంట్ కౌన్సిల్ కోబ్రిడ్జ్‌లో, లివర్‌పూల్ కౌన్సిల్ గ్రాన్‌బీ వైపు అలా ఇచ్చాయి. కానీ అవి ఇన్వెస్టర్లకు కాదు. స్థానికంగా ఉంటూ, ఉద్యోగం చేస్తూ, ఆ ఇంట్లోనే ఏళ్ల తరబడి కాపురం ఉంటామని ఒప్పుకున్న వాళ్లకు ఇచ్చారు. మరమ్మతు ఖర్చు వాళ్లదే, స్టోక్‌లో దానికి కౌన్సిలే అప్పు ఇచ్చింది. అంటే ఒక్క పౌండు ఇల్లు అసలు ధర పదుల వేల పౌండ్లు. ఇదంతా ఒక రకంగా మంచి పథకమే, కాకపోతే స్లౌలో కూర్చుని కొనేది కాదు.

చౌక ఫ్లాట్ల గురించి మీరు అడగలేదు గానీ వేలం జాబితా చూస్తే అవీ కనిపిస్తాయి. వాటి జోలికి అసలు పోవద్దు. లండన్‌లో ఉండే మా విజయవాడ స్నేహితుడు ఒకడు షాపు పైన ఉన్న ఫ్లాట్ 28 వేలకు ఫోన్ మీదే పాడేశాడు. లీజు (ఫ్లాట్ మీద హక్కు ఉండే కాలం) 60 ఏళ్ల చిల్లరే ఉంది, 80 లోపుకు పడితే పొడిగించడం ఖరీదు. పైకప్పు రిపేరుకు తన వాటా అంటూ ఏడాది తిరక్కుండా 6 వేల బిల్లు వచ్చింది. ఇప్పుడు అమ్మలేడు, అద్దెకు ఇవ్వలేడు. స్కాట్లండ్ వైపు పోర్ట్ గ్లాస్గోలో క్లూన్ పార్క్ అని ఒక టెనిమెంట్ (పాత అంతస్తుల ఫ్లాట్ల) ఎస్టేట్ సంగతీ అంతే, దాదాపు మొత్తం పాడుబడిపోయి, కౌన్సిల్ ఏళ్ల తరబడి కూల్చాలని చూసిన చోటు, అలాంటి ఫ్లాట్లు కూడా కార్ల రేటుకు వేలంలోకి వచ్చేవి. ధర చూసి చేయెత్తే ముందు ఊరి పేరు వెతుక్కుంటే తెలిసిపోయేది.

మరి నేను కొన్న మిగతా మూడు ఎలా నిలబడ్డాయి? అవేవీ 25 వేలవి కావు. ఒకటి థార్నబీలో 58 వేలకు, రెండోది డార్లింగ్టన్‌లో 67 వేలకు, మూడోది మిడిల్స్‌బరోలో యూనివర్సిటీకి నడిచే దూరంలో. థార్నబీ ఇంటిని కొనే ముందు ఆ వీధికి నాలుగుసార్లు వెళ్లా. మంగళవారం పగలు ఒకసారి, శుక్రవారం రాత్రి పదింటికి ఒకసారి, చెత్త డబ్బాలు బయట పెట్టే రోజు ఒకసారి. డబ్బాలు సాయంత్రానికి లోపలికి వెళ్లాయా, కర్టెన్లు ఉన్నాయా, చెక్కలు కొట్టిన ఇళ్లు ఎన్ని, వెనక సందుకు గేటు ఉందా, ఇవే చూసేది. నాలుగోసారి మూలనున్న షాపులో పాల డబ్బా కొని, ఆ పంజాబీ పెద్దాయనతో అరగంట హిందీలో కబుర్లు చెప్పా. ఏ చివర పోలీసులు ఎక్కువ వస్తారో, ఎవరు అమ్ముతున్నారో, ఎందుకో, ఏ సర్వేయరూ చెప్పని సంగతులు ఆయన చెప్పాడు. ఆయన చెప్పిన "ఈ చివర వద్దు బేటా" అన్న మాటకే నేను ముందు అనుకున్న ఇల్లు వదిలి, అవతలి చివరది 4 వేలు ఎక్కువ పెట్టి కొన్నా.

మిడిల్స్‌బరో ఇల్లు గురించి కూడా చెబుతా, ఎందుకంటే టీస్‌సైడ్ యూనివర్సిటీకి మన పిల్లలు బాగా వస్తున్నారని, "మనవాళ్లకే గదులు ఇచ్చుకుందాం అన్నా" అని వారానికొకరు నాకు ఫోన్ చేస్తారు. సంబంధం లేని ముగ్గురు ఒకే వంటగది వాడుకుంటూ ఉంటే అది హెచ్ఎంవో (పలువురు పంచుకునే అద్దె ఇల్లు) అవుతుంది, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే లైసెన్సు తప్పనిసరి, అలాంటి లైసెన్సు ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు ఉండాలి. రెండు గదుల ఇంట్లో ఆరుగురిని పరుపులేసి పడుకోబెట్టి అద్దె లాగుదాం అనుకునే మహానుభావులు మనలోనే ఉన్నారు. నిప్పంటుకుంటే బయటపడే దారి కూడా ఉండదు ఆ ఇళ్లలో. నేను ముగ్గురికే ఇస్తా. ప్రతి ఒక్కరి షేర్ కోడ్ (వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూసే కోడ్) తీసుకుని వీసా చెక్ చేస్తా, మన ఊరి పిల్లాడైనా సరే, అది చేయకపోతే వేల పౌండ్ల జరిమానా ఓనర్‌కే.

మీ స్థానంలో నేనుంటే ఏం చేసేవాడిని అంటే, ఆ 40 వేలు కదపను. ఫస్ట్ టైమ్ బయ్యర్ హోదా స్లౌ ఇంటికి వాడతా. ఇటువైపు ఇల్లు కావాలన్న కోరిక బలంగా ఉంటే అది ఆ తర్వాత, అదీ 60 నుంచి 80 వేల మధ్య, ఫ్రీహోల్డ్ (నేలతో సహా పూర్తి సొంతం), ఓనర్లే కాపురం ఉండే వీధిలో, నడిచే దూరంలో స్టేషనో ఆసుపత్రో పెద్ద ఫ్యాక్టరీనో ఉన్న చోట. రెండో ఇంటి కింద 60 వేల దానికి 5 శాతం అంటే 3 వేలు కట్టాల్సి వస్తుంది, కట్టేస్తా, బాధపడను. డార్లింగ్టన్, స్టాక్‌టన్, బిల్లింగ్‌హమ్ అలా చూడొచ్చు.

ఇంత చెప్పినా ఆ 25 వేల లాట్ మీద మనసు పోవడం లేదంటే, ఒక శనివారం రైలెక్కి రండి, టికెట్ ఖర్చు అవుతుందని చూడకండి. వీధి పేరు నాకు మెసేజ్ పెట్టండి, ఇంటి నంబర్ అక్కర్లేదు, అరగంటలో వెళ్లి ఒక చుట్టు తిరిగి వస్తా. లీగల్ ప్యాక్ దించుకున్నాక స్పెషల్ కండిషన్స్ పేజీలు పంపండి, వేలం ఏ రోజో కూడా రాయండి, దానికి ముందే చూసి చెబుతా.